విమానపు ఊపిరిగొట్టం

సికిందరాబాదుకు ఈశాన్యాన ఉన్న సైనిక్‌పురిలో కాపురముండేవారికి విమానపు రొద వింత గొలిపే విషయం కాదు. ఉత్తరాన కొద్ది కిలోమీటర్ల దూరంలో హకీంపేట వైమానిక స్థావరమున్నది. అక్కడినుంచి లేచిన విమానమో హెలికాప్టరో మీదుగా పోయే వేళ రేడియోలోని కచేరీ ఒకటి రెండు క్షణాలు వినరాకుండా పోవడం ఆ ఇళ్ళవారికి అలవాటే. సైనికోద్యోగుల నివాసానికై వెలసిన కాలనీ కావడం వల్ల ఆ రొదను పాటకన్న శ్రద్ధగా వినేవారు కూడా అక్కడ ఉంటారు. ధ్వని నిలకడగా సాగుతున్నదా, మధ్యలో దగ్గుతున్నదా అని వారి చెవి తనంతట తానే కనిపెడుతుంది.

ఇంజను దగ్గడమన్నది ఉత్త పోలికగా అనుకోనక్కరలేదు. ఇంజను కూడా ఊపిరి పీలుస్తుంది. ఊపిరికి అడ్డం పడితే దగ్గుతుంది. అడ్డం తొలగకపోతే ఆగిపోతుంది. విమానం కూలిందన్న వార్త చదవగానే పెట్రోలు అయిపోయిందా, రెక్క విరిగిందా, పైలట్ పొరబడ్డాడా అని అడుగుతాం గాని, ఇంజనుకు గాలి అందిందా అని అడిగేవారు అరుదు. చుట్టూ ఉన్నదంతా గాలే కదా, దానికి కరువేమిటని మన ధీమా. ఆ గాలిని సిలిండర్ల దాకా చేర్చే గొట్టాలను గురించి, వాటిని తడిమి చూసి సంతకం పెట్టే మనుషులను గురించి, హైదరాబాదు గగనయాన చరిత్రనుంచి కొన్ని సంగతులు చెప్పాలని నా ఉద్దేశం.

ముందుగా ఒక లెక్క. ఒక కిలో పెట్రోలు సక్రమంగా మండడానికి సుమారు 15 కిలోల గాలి కావాలి. కొలతలో చెప్పుకుంటే లీటరు పెట్రోలుకు దాదాపు 9,000 లీటర్ల గాలి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బేగంపేటలో శిక్షణకు వాడిన టైగర్ మాత్ విమానంలోని జిప్సీ మేజర్ ఇంజనుకు నాలుగే సిలిండర్లు; శక్తి 130 అశ్వబలం. అంత చిన్న ఇంజను కూడా పూర్తి వేగంలో నిమిషానికి 5,000 లీటర్లదాకా గాలి పీల్చేది. తీరికగా కూర్చున్న మనిషి నిమిషానికి పీల్చేది ఆరు నుంచి ఎనిమిది లీటర్లు. సుమారు ఏడు వందలమంది పీల్చే గాలి ఆ ఒక్క ఇంజనులోకి పోయేదన్నమాట.

ఇంత గాలీ ఒక ఇరుకు దారినే పోవాలి. ముందు ముక్కుపుటం వంటి ద్వారం. తరువాత దుమ్మును ఆపే జల్లెడ. అక్కడినుంచి కార్బురేటరుకు పోయే గొట్టం. కార్బురేటరులో పెట్రోలుతో కలిసిన తరువాత ఒక్కొక్క సిలిండరుకు చీలిపోయే లోహపు గొట్టాలు. పైగా బేగంపేట సముద్రమట్టానికి 531 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రతీరంలోకన్న ఆరు శాతం తక్కువ. వైశాఖ, జ్యేష్ఠాలలో ఎండ 42 డిగ్రీలు దాటితే గాలి మరింత పలచబడుతుంది. మద్రాసు తీరంలో హాయిగా లేచిన విమానం హైదరాబాదు వేసవి మధ్యాహ్నం బరువుగా లేచేది ఇందువల్లనే. గాలే పలచగా ఉన్నచోట గొట్టం కూడా సగం మూసుకుంటే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

విమానం ఎగరడానికి తగి ఉన్నదని చెప్పడాన్ని గగనయోగ్యత అనవచ్చును. ఈ భావానికి చట్టరూపం వచ్చి వందేళ్ళు దాటింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919 అక్టోబరు 13న పారిస్‌లో అనేక దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. దేశంనుంచి దేశానికి పోయే ప్రతి విమానమూ గగనయోగ్యతా పత్రం కలిగి ఉండాలన్నది అందులోని ఒక నియమం. మన దేశంలో 1934లో విమానాల చట్టం, 1937లో విమాన నియమావళి వచ్చాయి. ఆ 1934 నాటి చట్టం తొంభై ఏళ్ళు నడిచి, 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమానికి చోటిచ్చింది. చట్టాల పేర్లు మారినా అసలు సూత్రం మాత్రం మారలేదు. గగనయోగ్యతా పత్రం పరీక్షలో నెగ్గినవారికి ఇచ్చే పట్టా వంటిది కాదు. పట్టా గోడకు తగిలిస్తే జీవితాంతం చెల్లుతుంది. ఈ పత్రం, ఇన్ని గంటలు ఎగిరాక ఇన్ని భాగాలు విప్పి చూడాలన్న షరతుకు కట్టుబడి ఉన్నంతవరకే చెల్లుతుంది. చూసినవారు లాగ్ బుక్కులో సంతకం చేయాలి. ఆ సంతకం లేనిదే ఎంత కొత్త విమానమైనా షెడ్డులో ఉండిపోవలసిందే.

బేగంపేటలో విమానాశ్రయం రూపు దిద్దుకున్నది 1930వ దశకంలో, నిజాం ప్రభుత్వ కాలంలో. యుద్ధం వచ్చినప్పుడు అక్కడే ప్రాథమిక విమాన శిక్షణ పాఠశాలల్లో మొదటిదాన్ని నెలకొల్పారు. రెండవది జోధ్‌పూరులో వచ్చింది. టైగర్ మాత్ రెండు రెక్కల విమానం. కర్ర చట్రం, ఉక్కు గొట్టాలు, పైన గుడ్డ. నేర్చుకునేవాడు, నేర్పేవాడు ఒకరి వెనుక ఒకరు, తలమీద కప్పు లేకుండా కూర్చునేవారు. ఒక్కటే ఇంజను. నేల విడిచిన నిమిషంలోపల అది ఆగితే వెనక్కు తిరిగే ఎత్తు ఉండదు. ఎదుట కనబడిన చోటనే దిగాలి.

ఆ ఇంజనుకు ఇద్దరు శత్రువులు. ఒకటి మంచు. హైదరాబాదులో మంచు ఏమిటని శ్రోతలు నవ్వవచ్చును. కాని కార్బురేటరులో పెట్రోలు ఆవిరి అయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగుకుంటుంది. కొత్త కుండలోని నీరు చల్లబడడానికి కారణమూ అదే. ఇరుకు గొంతులో గాలి వేగం పెరగడంవల్ల మరికొంత చల్లదనం వస్తుంది. రెండూ కలిసి గాలిని 20 డిగ్రీలకు పైగా చల్లార్చగలవు. శ్రావణమాసపు తడిగాలి 25 డిగ్రీలున్నప్పుడు సైతం కార్బురేటరు గొంతులో తేమ గడ్డకట్టి దారి మూయగలదన్నమాట. దీనికి విరుగుడు వేడిగాలి. జిప్సీ మేజర్‌లో ఒక చిన్న తలుపును థ్రాటిల్ మీటతో ముడిపెట్టారు. పూర్తి శక్తి కావలసినప్పుడు బయటి చల్లని గాలి, తగ్గించినప్పుడు ఇంజను గదిలోని వెచ్చని గాలి లోపలికి పోయే ఏర్పాటది. తలుపు కీలు అరిగితే, లేదా తలుపు సగంలో చిక్కుకుంటే పైలట్‌కు ఏ సూచనా అందదు. దాన్ని వేలితో కదిపి చూసే మెకానిక్కుకు మాత్రమే తెలుస్తుంది.

రెండవ శత్రువు దుమ్ము. హైదరాబాదు నేల నల్లరాతి నేల; ఆ రాయి అరిగిన దుమ్ములో పలుగురాతి నలుసులు మెండు. పలుగు నలుసు ఉక్కును సైతం గీరగలదు. జల్లెడ చినిగినా, జల్లెడకు ఇంజనుకు మధ్యనున్న గొట్టం ఎక్కడో పగిలినా ఆ నలుసు సిలిండరులో చేరి, నూనెతో కలిసి, ఆకురాయి పొడివలె గోడలను అరగదీస్తుంది. కొన్ని గంటల ఎగురుడుతోనే ఇంజను ముసలిదవుతుంది.

ఈ దుమ్ము బాధ హైదరాబాదు పేరుతోనే ఆఫ్రికా ఎడారిలో కూడా ఎదురైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం ఇచ్చిన ద్రవ్యంతో సమకూరిన డి.హెచ్. 9ఎ విమానాలతో బ్రిటిష్ వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్ 1918లో ఫ్రాన్సుకు వెళ్ళింది. దానికి హైదరాబాదు స్క్వాడ్రన్ అన్న పేరు నిలిచింది. రెండవ యుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కు కూడా మన నగరం పేరే పెట్టారు. స్పిట్‌ఫైర్ విమానాలతో 1940లో ఇంగ్లండును కాచిన ఆ దళం 1942 చివరలో ఉత్తర ఆఫ్రికాకు వెళ్ళింది. ఇంగ్లండు పచ్చిక మీద దుమ్ము సమస్య అంతగా లేదు. ఇసుకలో ఇంజను బతకాలంటే మాత్రం వోక్స్ అనే పెద్ద జల్లెడను స్పిట్‌ఫైర్ గడ్డం కింద అమర్చవలసి వచ్చింది. సన్నని ముఖం గల ఆ విమానానికి అది గవదబిళ్ళ లేచినట్టుండేది. వేగం తగ్గింది, ఎత్తుకెక్కే చురుకు తగ్గింది. శత్రువుతో పోరాడే విమానానికి వేగమే ప్రాణం; అయినా వేగాన్ని వదులుకుని గాలిని శుభ్రపరచుకోవడానికే మొగ్గు చూపారు. గాలిగొట్టానికి ఇచ్చిన విలువ ఎంతటిదో తెలుసుకోవడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

యుద్ధం ముగిసే కాలానికి, 1945లో, నిజాం రాజ్యపు రైల్వే, టాటా సంస్థ కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్‌ను స్థాపించాయి. బేగంపేట దాని పుట్టినిల్లు. డకోటాలు దాని వాహనాలు. మన దేశంలో వాణిజ్య విమానం నడిపిన తొలి మహిళ ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగమిచ్చినది కూడా ఈ సంస్థే. 1953 ఆగస్టు 1న ఇతర సంస్థలతోపాటు ఇది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమైంది.

డకోటాకు రెండు ఇంజన్లు. ఒక్కొక్కటి 1,200 అశ్వబలం గల ట్విన్ వాస్ప్. ఇంజను పేరులోని 1830 అన్న అంకె దాని సిలిండర్ల లోపలి కొలతను ఘనపు అంగుళాలలో తెలుపుతుంది. రెండు వరుసలుగా పూవురేకులవలె అమరిన 14 సిలిండర్లకు 14 గాలిగొట్టాలు. ఒక్కొక్క గొట్టానికి రెండు కొసలా రెండు అతుకులు. ఒక విమానంలో చూడవలసిన అతుకులు 56 అన్నమాట.

ఆ అతుకులు కారుతున్నాయని ఎలా కనుక్కుంటారో తెలిస్తే ముచ్చట వేస్తుంది. గాలిని అదిమి పంపే సూపర్‌చార్జరు ఈ ఇంజనులో ఉన్నది. విమానం పూర్తి శక్తితో లేస్తున్నప్పుడు గొట్టంలో ఒత్తిడి బయటికన్న ఎక్కువ. అతుకు వదులైతే పెట్రోలు కలిసిన గాలి బయటికి చిమ్ముతుంది. ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు గొట్టంలో ఒత్తిడి బయటికన్న తక్కువ. అదే కంతగుండా బయటి గాలి లోపలికి దూరుతుంది. అప్పుడు మిశ్రమం పలచబడి ఇంజను గతి తప్పుతుంది. ఒక్కొక్కప్పుడు వెనుకకు పేలుతుంది. విమానపు పెట్రోలుకు రకాన్ని బట్టి ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగులు కలుపుతారు. ఒకదాన్ని మరొకదానిగా పొరబడకుండా చేసిన ఏర్పాటది. కాని కారిన పెట్రోలు ఆవిరైపోయినా అందులోని రంగు మాత్రం అతుకు దగ్గర మరకగా మిగులుతుంది. తెల్లవారుజామున లాంతరో టార్చో పట్టుకుని ఇంజను చుట్టూ తిరిగే మెకానిక్కు వెదికేది ఆ మరకనే. ఇంజనును ముందే తుడిచి తళతళలాడించడం పనివాడికి పేరు తెస్తుందేమోగాని, మరక చూడకముందే తుడిస్తే సాక్ష్యం పోతుంది.

లోహపు గొట్టం దాచకుండా చెప్పుకుంటుంది. నమ్మరానిది మెత్తని గొట్టం. ఇంజను అదురుతుంది కాబట్టి, జల్లెడ పెట్టెకు కార్బురేటరుకు మధ్య, వేడిగాలి తెచ్చే దారిలో, వంగే గొట్టాలు వాడక తప్పదు. ఉక్కు తీగను స్ప్రింగువలె చుట్టి, దానిమీద రబ్బరు పట్టించిన గుడ్డను కప్పి వీటిని తయారుచేస్తారు. కొన్నిటికి గుడ్డ తీగకు బయట ఒకే పొర. మరికొన్నిటికి లోపల ఇంకొక పొర కూడా ఉంటుంది. లోపలి పొర నున్నగా ఉండి గాలిని సాఫీగా పోనిస్తుంది. కొత్తగా ఉన్నప్పుడు అది మేలే. ఇంజను వేడికి, నూనె ఆవిరికి, అదురుకు కొన్నేళ్ళు గడిచాక ఆ లోపలి పొర తీగనుంచి ఊడి నాలుకవలె వేలాడుతుంది.

ఇక్కడే అసలు ప్రమాదమున్నది. ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు గాలి లాగుడు తక్కువ. నాలుక గోడకు అంటుకుని పడి ఉంటుంది. నేలమీద పరీక్షిస్తే అంతా సవ్యమే. పైలట్ విమానాన్ని లేపడానికి థ్రాటిల్ పూర్తిగా తోసినప్పుడు లాగుడు పెరిగి నాలుక లేస్తుంది. గొట్టానికి అడ్డం పడుతుంది. సరిగ్గా శక్తి కావలసిన క్షణంలో ఇంజనుకు ఊపిరాడదు. బేగంపేటనుంచి లేచే విమానమైతే ఆ క్షణంలో కింద రసూల్‌పురా ఇళ్ళో, బోయినపల్లి ఇళ్ళో ఉంటాయి. పైలట్ థ్రాటిల్ వెనక్కు లాగితే నాలుక మళ్ళీ పడిపోవచ్చును, ఇంజను మళ్ళీ బాగా తిరగవచ్చును. దిగిన తరువాత పరీక్షించినవారికి ఏ లోపమూ కనబడకపోవచ్చును. దొంగ ఇంట్లోనే ఉన్నాడు, దీపం వెలిగిస్తే నిద్ర నటిస్తాడు.

అందుచేత ఈ గొట్టాన్ని పైనుంచి చూసి సరిపెట్టుకోరాదు. బిగింపు పట్టీలు వదులుచేసి, గొట్టాన్ని ఊడదీసి, వెలుతురుకు ఎదురుగా పట్టి ఒక కొసనుంచి రెండవ కొస దాకా చూడాలి. మెల్లగా వంచి, వంచిన చోట పొర లేస్తున్నదా అని కనిపెట్టాలి. లోపల వేలు పోనిచ్చి తడమాలి. తీగ బయటపడిన చోటు, గుడ్డ గట్టిపడి పెళుసైన చోటు, పక్క భాగానికి రాసుకుని నలిగిన చోటు, వేడి పొగగొట్టానికి దగ్గరగా పోయిన చోటు, ఇవన్నీ వేలికి తెలుస్తాయి. అనుమానం వస్తే అతుకు వేయడం లేదు, గొట్టం మార్చడమే. ఇంజను ఖరీదుతో పోలిస్తే గొట్టం ఖరీదు లెక్కలోకి రాదు. కష్టమల్లా దాన్ని చేరడంలో ఉన్నది. మూత విప్పాలి, అడ్డమున్న భాగాలు తప్పించాలి, చేతులు కాల్చుకోవాలి. సాయంత్రం పొద్దుపోయాక, మరునాటి ఉదయం విమానం సిద్ధంగా ఉండాలని పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడు, బయటికి బాగానే ఉన్నది కదా అనిపించడం మనుష్య సహజం. నియమావళి రాసినవారు భయపడింది ఆ సహజత్వానికే.

వేడిగాలి ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్న కూడా చిన్నది కాదు. చిన్న విమానాలలో పొగగొట్టం చుట్టూ ఒక రేకు తొడుగు వేసి, ఆ మధ్యన వేడెక్కిన గాలిని గొట్టంద్వారా కార్బురేటరుకు, చలికాలంలో మనుషులు కూర్చునే గదికి పంపుతారు. పొగగొట్టం పగిలితే కార్బన్ మోనాక్సైడ్ ఆ దారినే గదిలోకి రాగలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. 2019 జనవరి 21న ఫుట్‌బాల్ క్రీడాకారుడు ఎమిలియానో సాలా ప్రయాణించిన చిన్న విమానం ఇంగ్లీషు చానెల్‌లో కూలింది. ఆయన రక్తంలో ఆ విషవాయువు ప్రమాదకరమైన మోతాదులో ఉన్నట్టు తేలింది. పైలట్ కూడా దాని ప్రభావానికి లోనై ఉండవచ్చునని బ్రిటిష్ విచారణాధికారులు నిర్ధారించారు. విషవాయువు ఇంజను పొగగొట్టపు వ్యవస్థనుంచే వచ్చి ఉంటుందని వారి అభిప్రాయం.

జెట్ విమానాలు వచ్చాక కార్బురేటరు పోయింది, దానితోపాటు దాని మంచూ పోయింది. హకీంపేటలో 1960లలో వాంపైర్ జెట్లమీద శిక్షణ జరిగేది. తరువాతి కాలంలో బెంగుళూరులో హిందుస్థాన్ సంస్థ రూపొందించిన కిరణ్ వచ్చింది. వాంపైర్‌కు రెక్కల మొదట్లోను, కిరణ్‌కు పక్కలలోను గాలి ద్వారాలుంటాయి. ఇవి ఇరుకు గొట్టాలు కావు, నోరు తెరిచిన గుహలు. గాలితోపాటు నేలమీది రాయినీ, మరచిపోయిన బోల్టునూ, ఎదురుపడిన గద్దనూ మింగగలవు. అందువల్ల విమానం ఆగగానే ద్వారాలకు ఎర్రని మూతలు పెట్టడం, లేవడానికి ముందు మూత తీసి టార్చి వేసి లోపలి దాకా చూడడం, మనుషులు బారులు తీరి రన్‌వే మీద రాళ్ళు ఏరడం నిత్యకృత్యాలైనాయి. పనిముట్ల పెట్టెలో ప్రతి పానాకూ దాని ఆకారంలోనే గుంట చేస్తారు. ఏ గుంట ఖాళీగా ఉన్నా ఆ పానా దొరికేదాకా విమానం కదలకూడదు.

ఇంజనును చూసే ఇంజనీరుకు పాత నియమావళిలో సి తరగతి లైసెన్సు ఉండేది. విమాన శరీరాన్ని చూసేవారిది ఎ తరగతి. ఆ తరగతుల పేర్లు తరువాత మారాయి. లైసెన్సుదారు సంతకం చేస్తే ఆ పని జరిగిందని చట్టం నమ్ముతుంది, పైలట్ నమ్ముతాడు, టిక్కెట్టు కొన్నవారు తెలియకుండానే నమ్ముతారు. ఇంత నమ్మకాన్ని పొందే సంతకాలు లోకంలో ఎక్కువ లేవు. అయినా పైలట్ల పేర్లు వీధులకు పెట్టాం గాని, ఆ లాగ్ బుక్కుల్లోని పేర్లు చదివినవారు లేరు.

2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం తెరవగానే ప్రయాణికుల విమానాలు బేగంపేటను విడిచిపోయాయి. మన దేశంలో శిక్షణకు విరివిగా వాడిన సెస్నా 152 వంటి చిన్న విమానాలలో మాత్రం కార్బురేటరు, దానికి వేడిగాలి తెచ్చే మెత్తని గొట్టం అలాగే ఉన్నాయి. రన్‌వే చివర ఆగి, నేర్చుకునేవాడు ఇంజను వేగం పెంచి వేడిగాలి పిడిని లాగుతాడు. వేడిగాలి పలచన కాబట్టి ఇంజను వేగం నిమిషానికి వంద చుట్లకు అటూ ఇటూగా తగ్గాలి. పిడి తోస్తే మళ్ళీ పెరగాలి. ముల్లు కిందికి దిగకపోతే కొత్తవాడు ఇంజను బలంగా ఉన్నదని సంతోషిస్తాడు. పక్కన కూర్చున్న గురువు మాత్రం విమానాన్ని వెనక్కు తిప్పమంటాడు. వేడిగాలి రావడం లేదన్నమాట. తలుపు తెరుచుకోలేదు, లేదా గొట్టం ఎక్కడో జారిపోయింది. షెడ్డు దగ్గర మెకానిక్కు అప్పటికే మూత విప్పే పానా చేతిలోకి తీసుకుని నిలబడి ఉంటాడు.